సద్ది ఎక్కడ తిన్నారు? ఒక నారికురుపు లెక్క

ముందు పోయినవాటి లెక్క రాస్తాను.

గోరంట్ల నుంచి కదిరి పోయే దారికి కొంచెం లోపలగా ఒక ఊరు ఉంది. పేరు రాయను. ఆ ఊరివాళ్లు చదివితే వాళ్లకే తెలుస్తుంది. డెబ్బైల చివర్లో, వరసగా రెండో కరువు వేసవిలో, ఆ ఊరు నారికురుపు వల్ల పోగొట్టుకున్నవి ఇవి. ఇంటింటికీ అడిగి కూడితే నాలుగు వేలకు పైగా కూలి దినాలు. దున్నే మనిషి లేక బీడు పడిన చేలు కొన్ని. మేపేవాళ్లు లేక సంతకు తోలిన ఎద్దుల జతలు మూడు. పదో తరగతి పరీక్షలు, ఇద్దరివి. ఒక పెళ్లి ముహూర్తం, ఎందుకంటే పెళ్లికొడుకు పీటల మీద కూర్చోగలడు గానీ ఏడడుగులు వేయలేడు. మంత్రసాని మంచం దిగలేకపోవడంతో రెండు కాన్పులు పక్క ఊరి మంత్రసాని చేతుల్లోకి పోయాయి. మిగతా నష్టాలన్నిటికంటే ఇదే పెద్దదని ఆమె నాతో గట్టిగా వాదించింది. ఊరి నాటకానికి నిలబడే అర్జునుడు లేకుండా పోయాడు. ఆ ఏడు అర్జునుడు కుర్చీలో కూర్చుని పద్యాలు పాడితే, కృష్ణుడు పక్కన నిలబడి బాణాలు అందించాడు. జనానికి అదీ నచ్చి మళ్లీ పాడించుకున్నారు.

ఈ జాబితాలో ఒక్క చావూ లేదు. అందుకే జిల్లా ఆఫీసులో ఈ జబ్బును ఎవరూ ముందు వరసలో పెట్టలేదు. చంపే జబ్బుకు ఫైలు త్వరగా కదులుతుంది. మంచాన పడేసే జబ్బుకు అంత త్వరగా కదలదు. జబ్బులు లెక్కపెట్టే ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ముందు ఈ సంగతి తెలుసుకుంటే తర్వాత బాధపడరు.

నారికురుపును చూడని అదృష్టవంతుల కోసం కొంచెం చెప్తాను. మెట్లు దిగి నీళ్లలో కాళ్లు పెట్టే బావిలో, పుండున్న మనిషి కాలి నుంచి పురుగు పిల్లలు నీళ్లలోకి పోతాయి. కంటికి సరిగా ఆనని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగిన మనిషికి అప్పటికి ఏమీ కాదు. దాదాపు ఏడాది తర్వాత కాలి మీద బొబ్బ లేచి, పగిలి, తెల్లని దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని అగ్గిపుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడి తెంపితే కాలు వాచిపోతుంది. ఈ ఏడు తాగినది వచ్చే ఏడు బయటపడుతుందన్న ఒక్క మాట గుర్తుంచుకోండి.

దాని వాటా

నేను డాక్టరును కాను. ఎస్సెల్సీ అయ్యాక ఇంటింటికీ తిరిగి జ్వరాలు అడిగే పనిలో చేరాను. కొన్నేళ్లకు నన్ను జిల్లా ఆఫీసులో లెక్కల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కొందరికి పేకాట ఎట్లాగో నాకు భాగహారం అట్లా. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. మా డాక్టర్ కమలమ్మ బీరువాలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు ఒక పేజీ చొప్పున, దాన్ని రెండుసార్లు చదివాను.

కమలమ్మ గారు గుంటూరు వైపు మనిషి. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఆమె జీపు ఎక్కితే ఒళ్లో వేయించిన వేరుశనక్కాయల పొట్లం ఉండాల్సిందే. తప్పు చేస్తే తిట్టేది కాదు. ఒక ప్రశ్న అడిగి, సమాధానం వచ్చేదాకా కాయలు ఒలుస్తూ కూర్చునేది. నాకు తిట్టే అధికారులూ తగిలారు. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది తలుపు చప్పుడు కాకుండా వేసుకోవడం ఒక్కటే.

పుస్తకంలో ఒక లెక్కకు నోరు తిరగని పేరు ఉంది. నేను నా కోసం దానికి 'దాని వాటా' అని పేరు పెట్టుకున్నాను. ఒక కారణాన్ని లేకుండా చేస్తే జబ్బులో ఎంత భాగం పోతుందో, అదే ఆ కారణం వాటా. చూడటానికి ఒక తీసివేత, ఒక హెచ్చవేత. అయినా దాని అర్థం నాకు తలకెక్కింది పుస్తకంలో కాదు, వజ్రకరూరు దారిలో, జీపులో.

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లోకి జనం వజ్రాలు వెతకడానికి వస్తారు. రాయి కనిపిస్తే తిప్పి చూస్తారు. రాయి కింద తేలుంటుంది. ఆ ఏడు నేను కష్టపడి లెక్క తీశాను.

"వజ్రాలు వెతికేవాళ్లకి తేలుకాటు ఆరు రెట్లు ఎక్కువమ్మా," అన్నాను గొప్పగా.

"అయితే ఏం చేద్దాం, రంగప్పా?"

"ఆ చేలల్లోనే మందుల శిబిరం పెడదామమ్మా."

"సరే. వజ్రాల వేట మొత్తం ఆపేశాం అనుకో. మన ఆసుపత్రులకు వచ్చే తేలుకాట్లలో ఎన్ని తగ్గుతాయి?"

ఆమె కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేను ఒళ్లో కాగితం పెట్టుకుని లెక్క వేశాను. వందకు నాలుగైదు. వజ్రాలు వెతికేవాళ్లు ఎంతమంది గనక! మిగతా తేళ్లన్నీ ఇళ్లలోనే, కట్టెల మోపుల్లో, రాతి గోడల సందుల్లో కుడుతున్నాయి.

"మరి శిబిరం ఎక్కడ పెడదామంటావు?"

"కట్టెల మోపు కాడ," అన్నాను నీరసంగా. ఆమె నవ్విన నవ్వుకు పొట్లం జీపులో చల్లినట్టు అయింది. డ్రైవరు బండి ఆపి ఏరాల్సి వచ్చింది.

ఎన్ని రెట్లు అన్నది ఒక ప్రశ్న. తీసేస్తే ఎంతమంది బాగుపడతారన్నది వేరే ప్రశ్న. ఊరికి కావలసింది రెండోది. చాలామంది మొదటిది కట్టి, రెండోదానికి జవాబు చెప్పామనుకుని ఇంటికి పోతారు.

రెండు బావులు

ఇప్పుడు ఆ ఊరికి వస్తాను. ఎగువ వీధుల్లో ఒక చేదబావి. గట్టు ఉంది, గిలక ఉంది, తాడు వేసి తోడుకుంటారు. దిగువన, ఊరి బయట, మెట్లబావి. దిగువ వాడవాళ్లు అందులోకి దిగి బిందెలు ముంచుకుంటారు. వాళ్లు చేదబావి గట్టు ఎక్కకూడదు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు.

ఆ వేసవిలో తాలూకాకు బోరు లారీ వస్తోంది. ఈ ఊరికి ఒక్క బోరు. ఎక్కడ వేయాలో ఆరోగ్య శాఖ ఒక కాగితం రాసిస్తే దాన్నిబట్టి వేస్తానని ఇంజనీరు అన్నాడు. ఆ కాగితం కోసమే మేము పోయాం.

జీపు దిగేసరికి ఓబుళమ్మ ఎదురైంది. దిగువ వాడ మనిషి, నలభై ఏళ్లుంటాయి, కంకర కొట్టి బతుకుతుంది. వరసగా మూడో వేసవి ఆమెకు పురుగు లేచింది. ఈసారి రెండు కాళ్లకూ. కర్ర ఊతంతో నిలబడింది. నోటికి మాత్రం ఏ ఊతమూ అక్కర్లేదు.

"ఏమప్పా, మళ్లా రాసుకునేకి వచ్చినారా? పోయినేడూ రాసుకున్నారు. పురుగు మీ రాతకు బెదరలేదే!"

"ఈసారి బోరు వస్తాదక్కా," అన్నాను.

"యాడ ఏస్తారు?"

"అది తేల్చేకే వచ్చినాం."

"ఎగువన ఏస్తే మాకేమొస్తాది? నేను బిందె తీస్కోని ఆడికి పోతే హారతిస్తారా? మూడేండ్లాయ, ఎండకాలం పని దొరికేటప్పుడే నేను మంచం పడతాండా. ఈడ ఏస్తేనే నేను పనికి పోయేది. లేకుంటే ఈ కర్రనే నా మొగుడు." పక్కనే నిలబడిన ఆమె భర్త కూడా నవ్వాడు.

సర్పంచ్ గంగన్న మమ్మల్ని బడి వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మంచి మనిషే. తన వీధికి మరీ మంచి మనిషి.

ఇంటింటి సర్వే అయ్యాక తేలిన లెక్క ఇది. అసలు కాగితాల్లో అంకెలు ఇంత అందంగా ఉండవు. మీకు చేతివేళ్ల మీద అందడానికి గుండ్రంగా చేసి చెప్తున్నాను. చేదబావి నీళ్లు తాగేవాళ్లు ఆరు వందల మంది, వాళ్లలో పురుగు లేచినవాళ్లు అరవై. మెట్లబావివాళ్లు రెండు వందలు, పురుగులు యాభై మందికి.

"చూడండి సారూ," అన్నాడు గంగన్న. "మాకు అరవై, దిగువన యాభై. ఇంకేం లెక్క కావల్ల? బోరు ఎగువనే."

నేను భాగహారం చేశాను. చేదబావివాళ్లలో నూటికి పది. మెట్లబావివాళ్లలో నూటికి ఇరవై ఐదు. తేడా పదిహేను. రెండు వందల మందికి ముప్పై. అంటే ఊళ్లో ఉన్న నూటపది కేసుల్లో మెట్లబావి వాటా ముప్పై.

ఇంజనీరు ఆ కాగితం చూసి పెదవి విరిచాడు. "ముప్పై మంది కోసం దిగువన వేయమంటారా? మిగతా ఎనభై మంది మాటేమిటి? ఎగువన బోరు వేసి, ఆ మెట్లబావిని పూడ్పించేద్దాం. అటూ ఇటూ సరిపోతుంది."

"పూడిస్తే దిగువవాళ్లు ఏం తాగాలి?" అన్నారు కమలమ్మ గారు.

ఇంజనీరు కాగితం మడిచి నా చేతికి ఇచ్చేశాడు. ఈ మాట మీరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. 'తీసేస్తే ఇంత తగ్గుతుంది' అన్నప్పుడల్లా, తీసేసిన చోట ఏం పెడతారో కూడా చెప్పాలి. లెక్కలో ఆ భాగం కనబడదు.

ఆమెకు ఇంకొకటి కూడా మింగుడు పడలేదు. సాయంత్రం జీపు ఎక్కుతూ అడిగింది. "రంగప్పా, చేదబావిలో ఎవరూ కాళ్లు పెట్టరు కదా. మరి ఆ నూటికి పది ఎక్కడివి? పురుగు తాడు పట్టుకుని దిగిందా?"

ఆమె కాయలు ఒలుస్తూనే ఉంది. అనంతపురం చేరేసరికి పొట్లం ఖాళీ.

ఒక భార్య, ఒక భర్త

మరునాడు ఎగువ వీధుల్లో ఆమే నా వెంట తిరిగింది. కిరాణా అంగడి పక్కింట్లో ఒకాయన అరుగు మీద కాలు చాపుకుని ఉన్నాడు. పురుగు అగ్గిపుల్లకు చుట్టి ఉంది.

"ఏ బావి నీళ్లు తాగుతారన్నా?" అన్నాను, కాగితంలో ఉన్నది ఉన్నట్టు.

"చేదబావే. మేము ఇంకోటి ముట్టుకోము," అన్నాడు తల ఎత్తి.

లోపల నుంచి భార్య గొంతు వినిపించింది. "నువ్వు యాడ ఇంట్లో ఉండావయ్యా చేదబావి నీళ్లు తాగేకి? పోయిన ఎండకాలమంతా కరువు పనికాడ కంకర కొడతాంటివి. నేను కడవ నిండా తెచ్చి పెడితే తాగేవాడు లేక బర్రెకు పోస్తాంటి."

"నువ్వు నోర్ముయ్యి."

"ఎందుకు ముయ్యల్ల? పనికాడ మెట్లబావి తప్ప ఇంగేముండాది? దప్పికైతే రాళ్లు నాకినావా?"

ఆయన ముఖం మాడ్చుకుని కాలు లోపలికి లాక్కున్నాడు. మేము దణ్ణం పెట్టి బయటికి వచ్చాం.

సంగతి ఇది. ముందటి వేసవిలో ప్రభుత్వం పెట్టిన కరువు పని, రోడ్డుకు కంకర కొట్టే పని, సరిగ్గా మెట్లబావి పక్కనే జరిగింది. ఎగువ దిగువ తేడా లేకుండా ఇంటికి ఒకరో ఇద్దరో పోయారు. మధ్యాహ్నం ఎండలో అందరూ ఆ మెట్లే దిగారు. కాని ఆ ఊళ్లో 'ఏ బావి నీళ్లు తాగుతారు' అంటే 'మీరెవరు' అని అడిగినట్టు. ఎగువ వీధిలో ఎవరూ 'మెట్లబావి' అని నోరారా అనరు. అబద్ధమూ చెప్పలేదు, ఇంట్లో కడవలో ఉన్నది చేదబావి నీళ్లే. పైగా మేము ఈ రోజు ఏం తాగుతారని అడుగుతున్నాం. కాలిలో ఉన్న పురుగేమో పోయిన వేసవిది.

వేపచెట్టు నీడలో కమలమ్మ గారు ఆగారు. "రంగప్పా, మనం నీళ్ల సంగతి అడుగుతున్నామనుకున్నాం. కులం అడుగుతున్నాం."

"మరి ఏం అడగాలమ్మా?"

"నీళ్ల మాటే ఎత్తవద్దు. తిండి అడుగుదాం."

కొత్త ప్రశ్న ఇది: 'పోయిన ఎండకాలం మధ్యాహ్నం సద్ది ఎక్కడ తిన్నారు?'

రాగి సంగటి నీళ్లు లేకుండా గొంతు దిగదు. సద్ది ఎక్కడ విప్పితే నీళ్లూ అక్కడే తాగుతారు. సద్ది ఎక్కడ తిన్నామో చెప్పడానికి ఎవరికీ సిగ్గు లేదు. చెప్పడానికి ఉత్సాహం కూడా. "పనికాడే సారూ, కానుగ చెట్టు కింద." "సంగటి, చెనక్కాయ చట్నీ. మా మరదలు చేసేది, ఏమి కారం!" "మా బావ నా ఉల్లిగడ్డ ఎత్తుకుని తిన్నాడు, అది కూడా రాసుకోండి." రెండు రోజులు ఊరంతా తిరిగాం. నా ఉద్యోగంలో అంత ఆకలి వేసిన సర్వే ఇంకొకటి లేదు.

బడి వరండాలో కూర్చుని మళ్లీ లెక్క వేశాను. ఎగువ వీధుల ఆరు వందల మందిలో రెండు వందల మంది పనికాడ సద్ది తిన్నవాళ్లు. ఎగువన ఉన్న అరవై కేసుల్లో యాభై వాళ్లవే. వాళ్లను దిగువవాళ్లతో కలిపితే మెట్లబావి నీళ్లు తాగినవాళ్లు నాలుగు వందలు, పురుగులు నూరు మందికి. నూటికి ఇరవై ఐదు. తాగనివాళ్లు నాలుగు వందలు, పురుగులు పది మందికి. నూటికి రెండున్నర. తేడా ఇరవై రెండున్నర. నాలుగు వందల మందికి తొంభై.

నూటపదిలో ముప్పై కాస్తా నూటపదిలో తొంభై అయింది. బావి అదే, పురుగు అదే, మనుషులూ వాళ్లే. మారింది ప్రశ్న ఒక్కటే.

మిగతా ఇరవై మంది ఎక్కడ తాగారో నాకు తెలియదు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు పోయిన వేరే ఊళ్లలో కావచ్చు. 'తెలియదు' అనే రాశాను. పై అధికారి ఒకరు తర్వాత ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశారు. కమలమ్మ గారు గీత పక్కన 'ఉండనివ్వండి' అని రాసి పంపారు.

ఆ సాయంత్రం ఓబుళమ్మ నా పక్కన కూర్చుని కాగితం వైపు చూసింది. "నా కాళ్లల్లో పురుగులు ఆ బావివేనా? ఖాయంగా చెప్పు."

"నీలాంటి పది మందిలో తొమ్మిది మందికి ఆ బావి వల్లనేక్కా. నువ్వు ఆ తొమ్మిదిలో ఉండావో, ఆ మిగిలిన ఒక్కదానివో, అది మాత్రం నేను చెప్పలేను."

ఆమె తన రెండు కాళ్ల వైపు చూసుకుంది. "నీ లెక్కకు ఒక మనిషి కాలు అందదన్న మాట."

"అందదు. ఊరు అందుతాది."

"పోనీలే, అంతైనా చెప్పినావు. మొన్న వచ్చిన మందులాయన అయితే అంతా నా కర్మ అన్నాడు."

గంగన్న పంచె

రచ్చబండ దగ్గర కూర్చుని తేల్చుకుందామన్నారు. ఇంజనీరు వచ్చాడు. ఎగువవాళ్లు బండ మీద, దిగువవాళ్లు కొంచెం దూరంగా కింద. గంగన్న పొద్దుటి నుంచి బండ మీదే కూర్చుని ఉన్నాడు, డాక్టరమ్మ వస్తే కూడా లేవలేదు. అది మాకు కొంచెం ఆశ్చర్యంగానే ఉంది, మర్యాద తెలిసిన మనిషి.

కమలమ్మ గారు కాగితం చదివారు. గంగన్న మధ్యలోనే అందుకున్నాడు. "ఏమమ్మా, మా వీధివాళ్లు ఆ మెట్లబావి నీళ్లు తాగినారని రాసినారా?"

"లేదు సర్పంచ్ గారూ. పనిచోట సద్ది తిన్నారని రాశాం."

"తింటే తప్పా?"

"తినడం ఏం తప్పు. పనిచోట సద్ది తిన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి పురుగు వచ్చింది. ఇంట్లో తిన్నవాళ్లలో నలభై మందిలో ఒకరికి. అందుకని పనిచోటే బోరు వేయమని రాశాం."

ఎగువవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ బావి పేరూ లేదు, ఏ వీధి పేరూ లేదు. అడ్డం చెప్పడానికి పట్టు దొరకలేదు. అయినా గంగన్న వదల్లేదు. "నేనూ ఆడనే తిన్నా కదా. మేస్త్రీ పక్కన నిలబడి హాజరు పిలిపిస్తాంటి. నాకేమన్నా అయిందా?"

కింద నుంచి ఓబుళమ్మ లేచింది. "అన్నా, అట్లయితే ఆ పంచె కొంచెం పైకెత్తు. డాక్టరమ్మ చూస్తాది."

గంగన్న ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి తనే నవ్వేసి పంచె పిక్క దాకా ఎత్తాడు. అగ్గిపుల్ల. దాని చుట్టూ తెల్లని దారం.

"నాలుగు దినాలాయ," అన్నాడు. "ఇంట్లో కూడా చెప్పలేదు."

"నూటపదకొండు," అన్నాను నేను. నోరు జారింది. రచ్చబండ విరిగిపడినట్టు నవ్వారు. దిగువవాళ్లు, ఎగువవాళ్లు, ఇంజనీరు, అందరికంటే గట్టిగా కమలమ్మ గారు. ఆమె అక్కడే కింద కూర్చుని ఆయన కాలికి కట్టు కట్టింది.

"లెక్క మళ్లీ వేయాలా అమ్మా?" అని చెవిలో అడిగాను.

"ఒక్కరితో మారదులే, రంగప్పా."

వేసవి చివర్లో, కరువు పని జరిగిన మిట్ట మీద, మెట్లబావికి కొంచెం ఎగువగా బోరు పడింది. చేతిపంపు దగ్గర చాలాకాలం రెండు వరసలు నిలబడ్డాయి. నీళ్లు మాత్రం ఒకే గొట్టం నుంచి వచ్చాయి.

వాన వాటా

తర్వాతి వేసవి మా ముఖాలు చూపించుకోలేకపోయాం. పురుగులు మళ్లీ నూరు మందికి పైనే. జీపు కనపడితే పిల్లలు కూడా "బోరు నీళ్లల్లో ఎన్ని పురుగులుండాయి సారూ?" అని వెంట పడేవాళ్లు. ఇవి పోయిన వేసవి, బోరు పడక ముందు, మళ్లీ ఆ పనికాడే తాగిన నీళ్లవని, వచ్చే ఏడు చూడమని, ప్రతి అరుగు మీదా చెప్పుకుంటూ తిరిగాను. ఒక ముసలాయన "బాకీలవాడు కూడా ఇట్లనే చెప్తాడు, వచ్చే ఏడు చూడు అని," అన్నాడు.

ఆ వచ్చే ఏడు రానే వచ్చింది. ఊరంతా వెతికితే పదకొండు మంది. మేము ఎగిరి గంతేయాల్సిన మాటే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బోరు పడిన ఏడే వానలు కూడా పడ్డాయి. మెట్లబావి పై మెట్టు దాకా నిండింది. కరువు పని పెట్టలేదు. ఎండలో మెట్లు దిగి తాగేవాళ్లే లేరు.

మెట్లు మూసి చుట్టూ గట్టు కట్టించాలని మేము రాసిన రెండో కాగితం అప్పుడు పంచాయతీ ముందు ఉంది. గంగన్నకు ఎడ్లు కడుక్కోవడానికి మెట్లు కావాలి. "అంతా వానే చేసింది, మెట్లు మూసే పనేముండాది?" అని ఊరంతా చెప్తున్నాడు. కరువు మళ్లీ వస్తే, పంపు చెడితే, దిగువవాళ్లు ఆ మెట్లే దిగాలి. ఓబుళమ్మకు తెలుసు, ఆ కాళ్లు ఆమెవి కనక.

ఒకరోజు ఆమె బస్సెక్కి అనంతపురంలో మా ఆఫీసుకు వచ్చింది. కర్ర లేదు. నా బల్ల ముందు నిలబడింది.

"ఏమప్పా, నువ్వు వాటాలు కడతావు కదా. బోరు వాటా ఎంత, వాన వాటా ఎంత? రాసియ్యి. సర్పంచన్న ముఖాన కొట్టల్ల."

నేను కాగితం తీశాను. అంకెలన్నీ ఉన్నాయి. ఒకటి లేదు. కమలమ్మ గారు లోపల నుంచి వచ్చి నా వెనక నిలబడ్డారు. ఈసారి ఆమె చేతిలో కాయలు లేవు.

"అక్కా, అది తెలియల్లంటే, ఇట్లాంటి వానే పడిన ఏడు, బోరు లేకుండా మీరంతా ఎట్లుంటిరో చూడల్ల," అన్నాను.

"అంటే?"

"బోరుకు బీగం వేసి, మీరు ఒక ఎండకాలం మళ్లా మెట్లబావి నీళ్లు తాగల్ల. ఆ పై ఏడు నేను వచ్చి లెక్కపెట్టల్ల."

ఆమె నన్ను, డాక్టరమ్మను మార్చి మార్చి చూసింది. తర్వాత మా ఆఫీసు కిటికీలు అదిరేలా నవ్వింది. "బాగుండాదప్పా నీ లెక్క! అది నువ్వే పెట్టుకో. నాకు సరిపోయే మాట దొరికింది."

ఆ మాట ఆమె పంచాయతీలో అందరి ముందూ చెప్పిందట. అంతా వానే చేసిందని సర్పంచన్నకు నమ్మకముంటే, ఒక్క ఎండకాలం మధ్యాహ్నం సద్ది ఆ మెట్ల మీద తిని, ఆ నీళ్లే తాగి చూపించల్ల. తనూ, తన వీధీ. అట్ల తాగితే తాను మెట్లు మూయమని అడగదు.

గంగన్న పిక్క తడుముకున్నాడట. నెలలోపల మెట్లు మూతపడ్డాయి, గట్టు లేచింది. ఎడ్లకు పక్కన తొట్టి కట్టారు.

నేను యాభై ఐదుకే రిటైరై ఇంటికొచ్చాను. మొన్న గోరంట్ల బస్టాండులో ఓబుళమ్మ కనిపించింది. "ఏమప్పా, నా వాటా లెక్క తెచ్చినావా?" అని దూరం నుంచే అరిచింది. లేదన్నాను. "తేవద్దు," అని బస్సెక్కింది. ఆ పదకొండుకూ మునుపటి నూటపదకొండుకూ మధ్య ఉన్న నూరులో బోరుది ఎంత, వానది ఎంత అన్న అంకె ఆమెకు ఈ రోజుకీ బాకీ ఉన్నాను.